డిస్నీ వరల్డ్‌లో లోపలి హోటలా, బయటి హోటలా? రైడ్ బుకింగ్ లెక్క చూసి తేల్చుకోండి

ముందే చెప్పేస్తాను. డిస్నీ వాళ్ల హోటల్లో దిగినంత మాత్రాన రైడ్లు ఉచితంగా రావు, క్యూ లేకుండా ఎవరూ చేయి పట్టుకుని తీసుకెళ్లి కూర్చోబెట్టరు. రైడ్ల వరకు వచ్చే లాభాలు రెండే: మిగతావాళ్ల కన్నా ముందు స్లాట్లు బుక్ చేసుకోవచ్చు, పొద్దున అరగంట ముందు పార్కులోకి వెళ్లొచ్చు. ఈ రెండింటి కోసం రాత్రికి అన్నేసి డాలర్లు ఎక్కువ పెట్టాలా అన్నదే అసలు ప్రశ్న. నన్నడిగితే కొన్ని ఇళ్లవాళ్లు పెట్టాలి, చాలామంది పెట్టక్కర్లేదు, యూనివర్సల్ పార్కులకి కూడా వెళ్లేవాళ్లు మాత్రం అక్కడ ఒక్క రాత్రికైనా పెట్టి తీరాలి. ఎందుకో కింద వివరంగా రాస్తున్నాను.

మా తిరుపతిలో ఇప్పుడు ఏ వీధిలో చూసినా ఎవరో ఒకరి పిల్లలు అమెరికాలో ఉన్నారు. వేసవి వస్తే అవ్వాతాతలు చెన్నైలో ఫ్లైట్ ఎక్కుతారు, ఇక్కడి నుంచి ఇంకో కూతురి కుటుంబం కూడా కలిస్తే పిల్లలంతా పట్టుబట్టి డిస్నీ వరల్డ్ ఉన్న ఆర్లాండోకి ట్రిప్ పెట్టిస్తారు. పెద్దా చిన్నా కలిపి ఏడెనిమిది మంది. ఇంగ్లీషులో దొరికే సలహాలన్నీ భార్యాభర్తా ఇద్దరు పిల్లలూ ఉన్న ఇంటికి రాసినవి. మన ఇంటి లెక్క వేరు, మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మ ఉంటుంది, పొద్దున కాఫీ పడితే గాని కదలని తాత ఉంటాడు, బయటి తిండి మూడో రోజుకే మొహం మొత్తే మనుషులుంటారు.

ఇంకో మాట, పాత సలహాలు నమ్మకండి. 2020కి ముందు వెళ్లొచ్చిన బంధువులెవరైనా "ఫాస్ట్‌పాస్ ఫ్రీనే, హోటల్ బుక్ చేస్తే అరవై రోజుల ముందే పెట్టుకోవచ్చు" అంటారు. ఫాస్ట్‌పాస్ అంటే పెద్ద క్యూ తప్పించుకునే పాస్. వాళ్లు చెప్పేది అప్పటికి నిజమే. డిస్నీ వాళ్ల హోటల్లో ఉన్నవాళ్లకి 60 రోజుల ముందు, బయట దిగినవాళ్లకి 30 రోజుల ముందు, ఎవరికైనా డబ్బు కట్టకుండానే ఇచ్చేవాళ్లు. ఆ పద్ధతి పోయింది. 2021 అక్టోబర్‌లో జీనీ ప్లస్ అని డబ్బు కట్టే పద్ధతి వచ్చింది, 2024 జులై 24 నుంచి దాని స్థానంలో లైట్నింగ్ లేన్ మల్టీ పాస్, సింగిల్ పాస్ వచ్చాయి. ఇప్పుడు లోపల దిగినా బయట దిగినా పాస్‌కి డబ్బు కట్టాల్సిందే.

ఇప్పుడున్న పద్ధతి

డిస్నీ వరల్డ్‌లో నాలుగు పార్కులు: మేజిక్ కింగ్‌డమ్, ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్. పార్కు టికెట్ ఉంటే మామూలు క్యూలో నిలబడి ఏ రైడ్ అయినా ఎక్కొచ్చు, దానికి వేరే ఖర్చు లేదు. పేరున్న రైడ్లకి పక్కనే ఇంకో క్యూ ఉంటుంది, అదే లైట్నింగ్ లేన్. మల్టీ పాస్ కొంటే ఒక పార్కులో మూడు రైడ్లకి ముందుగా గంటేసి స్లాట్లు పెట్టుకోవచ్చు. అందులో మొదటి స్లాట్ వాడుకున్నాక ఇంకోటి, అది వాడుకున్నాక మరోటి, అలా రోజంతా ఒక్కొక్కటీ చేర్చుకుంటూ పోవచ్చు. యానిమల్ కింగ్‌డమ్ తప్ప మిగతా మూడు పార్కుల్లో ముందుగా పెట్టుకునే మూడింట్లో బాగా డిమాండ్ ఉన్న జాబితా నుంచి ఒక్కటే ఇస్తారు, మిగతా రెండూ రెండో జాబితాలోంచి ఏరుకోవాలి.

సింగిల్ పాస్ అన్నది ఒక్కో రైడ్‌కి విడిగా కొనేది, రోజుకు రెండు దాకా కొనొచ్చు. మేజిక్ కింగ్‌డమ్‌లో ట్రాన్, ఎప్‌కాట్‌లో గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ, హాలీవుడ్ స్టూడియోస్‌లో రైజ్ ఆఫ్ ది రెసిస్టెన్స్, యానిమల్ కింగ్‌డమ్‌లో ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్ లాంటివి మల్టీ పాస్‌లో రావు, వీటికి ఇదే దారి. ధరలు రోజును బట్టి, పార్కును బట్టి మారతాయి. మల్టీ పాస్ మనిషికి రోజుకి సుమారు పదిహేను డాలర్ల నుంచి నలభై దాకా ఉంటుంది, క్రిస్మస్ లాంటి రోజుల్లో ఇంకా పైకి పోతుంది, నాలుగింట్లో మేజిక్ కింగ్‌డమ్‌దే ఎక్కువ. ప్రీమియర్ పాస్ అని ఇంకోటుంది, స్లాట్ గొడవ లేకుండా ఒక్కో రైడ్‌కి ఒకసారి నేరుగా వెళ్లొచ్చు, కానీ మనిషికి ఒక్క రోజుకే వంద డాలర్లు దాటిపోతుంది, రద్దీ రోజుల్లో నాలుగు వందలు కూడా దాటుతుంది. ఎనిమిది మంది ఉన్న ఇంటికి దాని ఊసే వద్దు.

ఇక అసలు తేడా. డిస్నీ హోటళ్లలో దిగేవాళ్లకి చెక్-ఇన్‌కి 7 రోజుల ముందు బుకింగ్ తెరుచుకుంటుంది, పైగా ఆ ఒక్క పొద్దునే ట్రిప్ మొత్తానికి, అంటే 14 రోజుల దాకా, అన్ని రోజుల స్లాట్లూ పెట్టేసుకోవచ్చు. డిస్నీ సొంతవి కాకపోయినా లోపలే ఉన్న స్వాన్, డాల్ఫిన్ లాంటి కొన్ని హోటళ్లకీ ఇదే వర్తిస్తుంది. బయట దిగినవాళ్లకి ఏ రోజు పార్కుకి వెళ్తారో ఆ రోజుకి 3 రోజుల ముందు తెరుచుకుంటుంది, ఏ రోజుకి ఆ రోజు విడిగా కూర్చోవాలి.

మన ఊరివాళ్లకి ఈ టెన్షన్ కొత్త కాదు. మూడు వందల రూపాయల దర్శనం కోటా పొద్దున పదింటికి వదిలే రోజు ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ తీసుకుని కూర్చుంటాం కదా, నిమిషాల్లో అనుకూలమైన తేదీలు అయిపోతాయి. ఇక్కడా అంతే, కాకపోతే ఒక వర్గానికి కోటా నాలుగు రోజుల ముందే వదులుతారు, మిగిలింది తర్వాత అందరికీ.

నాలుగు రోజులంటే నాలుగు రోజులే కాదు

చాలామంది 7కీ 3కీ మధ్య తేడా నాలుగే కదా అనుకుంటారు. మొదటి రోజు వరకు అది నిజమే. జూన్ 10న డిస్నీ హోటల్లో దిగి 15న ఖాళీ చేసేవాళ్లని తీసుకోండి. వాళ్లకి జూన్ 3 పొద్దున 7 గంటలకి మొత్తం ట్రిప్ తెరుచుకుంటుంది. జూన్ 14న వెళ్లే పార్కు స్లాట్ కూడా ఆ రోజే, అంటే 11 రోజుల ముందు పెట్టేసుకుంటారు. బయట దిగినవాళ్లకి అదే జూన్ 14 స్లాట్ జూన్ 11న గాని తెరుచుకోదు. తేడా ఎనిమిది రోజులకి పెరిగింది. ట్రిప్ ఎంత పొడుగైతే చివరి రోజులకి లోపలివాళ్ల లాభం అంత పెరుగుతుంది.

అందుకని లోపల దిగేవాళ్లు కష్టమైన పార్కుని చివరికి పెట్టుకోండి. హాలీవుడ్ స్టూడియోస్‌లో స్లింకీ డాగ్ డ్యాష్ అని ఒక చిన్న రోలర్ కోస్టర్ ఉంది, పిల్లలున్న ప్రతి ఇంటికీ అదే కావాలి, ముందుగా అయిపోయే వాటిలో ఎప్పుడూ దాని పేరుంటుంది. దిగిన రోజే దానికి పరిగెత్తకుండా మూడో రోజుకో నాలుగో రోజుకో పెట్టుకుంటే నచ్చిన టైమ్ దొరికే అవకాశం బాగా ఎక్కువ. ఎప్‌కాట్‌లో ఫ్రోజెన్, రెమీ, మేజిక్ కింగ్‌డమ్‌లో టియానాస్, పీటర్ పాన్ కూడా డిమాండ్ ఉన్నవే.

మరి బయట దిగితే ఏమీ దొరకవా? దొరుకుతాయి. మూడు రోజుల ముందు సరిగ్గా ఏడింటికి కూర్చుంటే మామూలు రోజుల్లో మూడు స్లాట్లూ దొరుకుతాయి, పొద్దున పదింటికి కావాలనుకున్నది సాయంత్రానికి వెళ్లొచ్చు, అంతే. పైగా జనం మార్చుకుంటూ, రద్దు చేసుకుంటూ ఉంటారు కాబట్టి యాప్‌లో పేజీని మళ్లీ మళ్లీ తెరిచి చూస్తే రోజు మధ్యలో మంచి టైములు బయటపడుతూనే ఉంటాయి. ఓపిక ఉన్నవాళ్లకి ఇది పెద్ద కష్టం కాదు. ఫోన్ పట్టుకుని తిరగడం ఇష్టం లేనివాళ్లకి మాత్రం పార్కులో ఉన్నంతసేపూ చిరాకే.

బుకింగ్ టైమ్ గురించి ఒక ముఖ్యమైన సంగతి. ఆ ఏడు గంటలు ఫ్లోరిడా టైమ్. న్యూజెర్సీలో ఉన్న పిల్లలకి అదే ఏడు, డల్లాస్‌లో ఆరు, కాలిఫోర్నియాలో అయితే తెల్లవారుజాము నాలుగు. మనకి మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా సాయంత్రం నాలుగున్నర, చలికాలంలో అయిదున్నర. అంటే ఇక్కడివాళ్లు తాపీగా కాఫీ తాగి కూర్చునే వేళ.

బైరాగిపట్టెడలో మా పిన్ని వాళ్లింట్లో దీన్ని చక్కగా నడిపారు. డల్లాస్‌లో కొడుకు ల్యాప్‌టాప్ ముందు, ఇక్కడ పిన్ని వాట్సాప్ వీడియో కాల్‌లో, చేతిలో ఒక నోట్‌బుక్. ఏ రోజు ఏ పార్కు, అందులో మొదటి కోరిక ఏది, అది లేకపోతే రెండోది ఏది, ఏ పాస్‌లో ఎవరెవరి పేర్లుండాలి, అన్నీ ముందు రోజే రాసి పెట్టుకుంది. నాలుగున్నర కాగానే ఆవిడ చదువుతూ పోయింది, అబ్బాయి నొక్కుతూ పోయాడు. నిద్ర కళ్లతో అతనొక్కడే కూర్చుని ఆలోచించాల్సి వస్తే అంత సాఫీగా సాగేది కాదు. మీరూ అలాగే చేయండి. అకౌంట్ అమెరికాలో ఉన్నవాళ్లదే ఉండనివ్వండి, అందరి టికెట్లూ అందులో ముందే లింక్ చేయించండి, టికెట్ లింక్ కాని మనిషికి పాస్ పెట్టడం కుదరదు.

పొద్దున అరగంట

డిస్నీ హోటల్లో ఉన్న ప్రతి ఒక్కరికీ, చవక హోటలైనా సరే, రోజూ ఏ పార్కుకైనా అరగంట ముందు ప్రవేశం ఉంటుంది. చెక్-ఇన్ రోజూ చెక్-అవుట్ రోజూ కూడా వర్తిస్తుంది. కాగితం మీద అరగంటే గానీ, ఆ అరగంటలో ఒకటి రెండు పెద్ద రైడ్లు ఎక్కేస్తే మధ్యాహ్నం అయితే ఒక్కోదానికి గంట పైన పట్టే క్యూ తప్పిపోతుంది. నా లెక్కలో ముందస్తు బుకింగ్ కన్నా ఇదే విలువైన సౌకర్యం, ఎందుకంటే దీనికి వేరే డబ్బు కట్టక్కర్లేదు.

అయితే దానికో షరతు. గేటు తెరిచేటప్పటికే మీరు అక్కడ ఉండాలి. ఒక గది, ఒక బాత్రూమ్, నలుగురు మనుషులు, అందరూ ఏడింటికల్లా స్నానాలు చేసి బస్సెక్కాలి. మీ ఇంట్లో అది జరిగే పనేనా అని ఒకసారి నిజాయితీగా ఆలోచించుకోండి. జెట్‌లాగ్‌తో తెల్లవారుజామునే లేచి కూర్చునే అవ్వాతాతలుంటే జరుగుతుంది. టీనేజ్ పిల్లలుంటే ఆ అరగంట కోసం పెట్టిన డబ్బు వృథా.

బయటి నుంచి కారులో వచ్చేవాళ్లు మేజిక్ కింగ్‌డమ్ విషయంలో ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి. కారు పెట్టే చోటుకీ పార్కు గేటుకీ మధ్య పెద్ద చెరువు ఉంది. కారు దిగాక మోనోరైలో ఫెర్రీనో ఎక్కి గేటుకి చేరాలి. డిస్నీ హోటల్ బస్సులు మాత్రం నేరుగా గేటు దగ్గరే దింపుతాయి. ముసలివాళ్లూ స్ట్రోలర్లూ ఉన్న గుంపుకి ఈ ఒక్క తేడాతోనే పొద్దున చాలా టైమ్ కలిసొస్తుంది.

రాత్రిళ్లు పార్కు మూసేశాక రెండు గంటలు అదనంగా ఉండనిచ్చే సౌకర్యం కూడా ఉంది గానీ అది డీలక్స్ హోటళ్లవాళ్లకే, అదీ కొన్ని రోజులే. మన బడ్జెట్‌లో దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

ముందు తలలు లెక్కపెట్టండి

హోటల్ చూసే ముందు చేయాల్సిన పని ఇది, ఎవరూ చేయరు. మీ గుంపులో అసలు రైడ్లెక్కేది ఎందరు? పాస్ మనిషికొకటి కొనాలి, ఇంటికొకటి కాదు. రోలర్ కోస్టర్ ఎక్కని తాతకి మల్టీ పాస్ కొనడం దండగ. మూడేళ్లు నిండని పిల్లలకి పార్కు టికెట్టే అక్కర్లేదు, పాసూ అక్కర్లేదు. చంటిబిడ్డ ఉంటే రైడర్ స్విచ్ అడగండి, తల్లి బిడ్డతో బయట కూర్చుంటుంది, తండ్రి ఎక్కి వస్తాడు, తర్వాత తల్లి మళ్లీ మొదటి నుంచి మామూలు క్యూలో నిలబడకుండా వెళ్తుంది. ఇది ఉచితం, ఎక్కడ దిగినా ఇస్తారు.

తర్వాత పిల్లల ఎత్తు. తలుపు చట్రానికి ఆనించి నిలబెట్టి, తల మీద స్కేలు పెట్టి, పెన్సిల్‌తో గీత గీసి టేపుతో కొలవండి, షూ వేసుకున్నప్పుడు ఇంకో సెంటీమీటర్ రెండు కలుస్తుంది. స్లింకీ డాగ్‌కి 97 సెంటీమీటర్లు, రైజ్ ఆఫ్ ది రెసిస్టెన్స్‌కి 102, గార్డియన్స్‌కి 107, ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్‌కి 112, ట్రాన్‌కి 122 ఉండాలి. మీ పిల్లాడు 110 ఉన్నాడనుకోండి, మొదటి మూడూ ఎక్కుతాడు, చివరి రెండూ ఎక్కనివ్వరు, ఏడ్చినా బతిమాలినా లాభం లేదు. అలాంటప్పుడు ఆ రెండింటికీ పిల్లాడి పేరు మీద పాస్ కొనొద్దు. పార్కులో కొలిచి వెనక్కి పంపితే ఆ పిల్లాడి మొహం చూడలేం, ముందే చెప్పి ఉంచితే వాడూ సర్దుకుంటాడు.

ఇలా వడపోస్తే ఎనిమిది మందిలో నిజంగా పాస్ కావాల్సినవాళ్లు నలుగురో అయిదుగురో తేలతారు. ముందుగా బుక్ చేసుకునే లాభం ఆ నలుగురిదే. ఆ నలుగురి స్లాట్ల కోసం ఎనిమిది మందికీ ఖరీదైన గదులు తీసుకోవాలా అన్నది అప్పుడు స్పష్టంగా కనిపిస్తుంది.

డబ్బు, తిండి

డిస్నీలో చవక రకం ఆల్ స్టార్, పాప్ సెంచురీ లాంటి వాటిలో గదికి నలుగురే. ఎనిమిది మందికి రెండు గదులు కావాలి. అదే డబ్బుకి, చాలాసార్లు అంతకన్నా తక్కువకి, ఆర్లాండో పక్కనున్న కిసిమ్మీ వైపు మూడు బెడ్‌రూముల ఇల్లు వంటగదితో సహా అద్దెకి దొరుకుతుంది. ఒకవేళ తేడా రాత్రికి 100 డాలర్లనుకోండి, అయిదు రాత్రులకి 500. లోపల దిగినవాళ్లకి పార్కు పార్కింగ్ ఉచితం, బయటివాళ్లకి రోజుకి 30 డాలర్ల పైనే, నాలుగు పార్కు రోజులకి సుమారు 120 తీసేయండి. మిగిలిన తేడా 380. రైడ్లెక్కేది నలుగురైతే మనిషికి 95 డాలర్లు. ముందు బుకింగ్, నాలుగు పొద్దుల అరగంటలు, గేటు దాకా బస్సు, వీటన్నిటికీ కలిపి అంత పెట్టడం మీకు సబబు అనిపిస్తే లోపలే దిగండి. మీ తేదీలకి వచ్చే అసలు ధరలు పెట్టి ఇదే లెక్క వేసుకోండి, బయటి హోటళ్లు రిసార్ట్ ఫీజు, ట్యాక్స్, రాత్రి పార్కింగ్ చివర్లో కలుపుతాయి కాబట్టి మొత్తం బిల్లు చూశాకే పోల్చండి.

తిండి దగ్గర మాత్రం బయటి ఇల్లే గెలుస్తుంది, దానికి వాదనే లేదు. డిస్నీ చవక గదుల్లో చిన్న ఫ్రిజ్ ఉంటుంది గానీ వంట కుదరదు. ఇల్లు తీసుకుంటే పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాల్లో పెట్టుకోవచ్చు, పెరుగన్నం ఐస్ ప్యాక్‌తో పట్టుకెళ్లొచ్చు. డిస్నీ పార్కుల్లోకి సొంత తిండి తీసుకెళ్లనిస్తారు, గాజు సీసాలూ మద్యమూ తప్ప. మంచినీళ్లు కౌంటర్ దగ్గర అడిగితే ఉచితంగానే ఇస్తారు. మాంసం తినని పెద్దవాళ్లు నాలుగు రోజులు ఫ్రెంచ్ ఫ్రైస్ మీద బతకాల్సిన అవస్థ తప్పుతుంది, ఎనిమిది మందికి ఒక పూట భోజనం ఖర్చు మిగిలితే అందులోంచే పాస్‌లు వస్తాయి.

మే, జూన్ నెలల్లో వెళ్లేవాళ్లు ఎండకన్నా వానని ఎక్కువ లెక్కలో పెట్టుకోవాలి. ఎండకి తిరుపతివాళ్లం తట్టుకుంటాం. మధ్యాహ్నం అక్కడ ఉరుములు మెరుపులతో వాన పడితే ఆరుబయట ఉన్న స్లింకీ డాగ్ లాంటివి ఆపేస్తారు. మీ స్లాట్ టైములో రైడ్ ఆగిపోతే పాస్ పోదు, ఇంకో రైడ్‌కో తర్వాతో వాడుకునేలా మారుస్తారు, అయినా ఆరుబయటి రైడ్లకి పొద్దుటి స్లాట్లే పెట్టుకోండి. ఇలాంటి మధ్యాహ్నాల్లో హోటల్ దగ్గరుంటే పెద్దవాళ్లు పోయి రెండు గంటలు నడుం వాల్చి రావచ్చు. పాప్ సెంచురీ, ఆర్ట్ ఆఫ్ యానిమేషన్ హోటళ్ల నుంచి స్కైలైనర్ అనే తీగ మీద నడిచే పెట్టెలు ఎప్‌కాట్‌కీ హాలీవుడ్ స్టూడియోస్‌కీ తిరుగుతుంటాయి, అవ్వాతాతలకి బస్సు కన్నా అదే సుఖం. పిడుగులు పడుతుంటే అదీ ఆగుతుందనుకోండి.

రెండూ కలిపే దారి ఒకటుంది. ట్రిప్ మొత్తం బయటి ఇంట్లో ఉండి, కష్టమైన రెండు పార్కు రోజులకి ఒక్క రాత్రి డిస్నీ చవక హోటల్ తీసుకోవడం. చెక్-ఇన్ రోజుకీ చెక్-అవుట్ రోజుకీ రెండింటికీ ముందు బుకింగూ అరగంట ప్రవేశమూ వర్తిస్తాయి. ఒక రాత్రి అద్దెకి రెండు రోజుల లాభం. సామాన్లు అటూ ఇటూ మోయడం ఒక్కటే ఇబ్బంది, రైడ్లెక్కే నలుగురు ఒక చిన్న బ్యాగుతో వెళ్లి, పెద్దవాళ్లు ఇంట్లోనే విశ్రాంతి తీసుకుంటే ఆ ఇబ్బందీ ఉండదు. ఉమ్మడి కుటుంబంగా వెళ్లేవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే.

యూనివర్సల్ కథే వేరు

ఆర్లాండోలోనే ఉన్న యూనివర్సల్ దగ్గర హోటల్ లాభం నిజంగా పెద్దది. వాళ్ల హోటళ్లలో మూడు, పోర్టోఫినో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్, వీటిలో దిగితే గదిలో నమోదైన ప్రతి ఒక్కరికీ అన్‌లిమిటెడ్ ఎక్స్‌ప్రెస్ పాస్ ఉచితం. స్లాట్లు లేవు, పొద్దున్నే లేచి ఫోన్ నొక్కడం లేదు, ఎక్స్‌ప్రెస్ క్యూ ఉన్న రైడ్ ఎన్నిసార్లయినా ఎక్కొచ్చు. చెక్-ఇన్, చెక్-అవుట్ రెండు రోజులూ చెల్లుతుంది. ఇదే పాస్ విడిగా కొంటే రద్దీ రోజుల్లో మనిషికి ఒక్క రోజుకే వంద డాలర్లు దాటిపోతుంది. నలుగురు, రెండు రోజులు అని లెక్కేసి చూడండి, ఒక్క రాత్రి గది అద్దె ఎంత ఎక్కువైనా లాభమే కనిపిస్తుంది. గది సాయంత్రం ఇచ్చినా పర్వాలేదు, పొద్దున్నే హోటల్‌కి వెళ్లి చెక్-ఇన్ చేసి పాస్ తీసుకుని పార్కుకి పోవచ్చు.

కానీ కొన్ని సంగతులు గమనించండి. ఈ ఉచిత పాస్ యూనివర్సల్ స్టూడియోస్, ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్ పార్కులకే. 2025 మే 22న తెరిచిన ఎపిక్ యూనివర్స్‌కి చెల్లదు. కబానా బే లాంటి చవక హోటళ్లలో దిగితే ముందస్తు ప్రవేశం ఉంటుంది గానీ ఎక్స్‌ప్రెస్ ఉండదు, "యూనివర్సల్ హోటలే కదా" అని చవకది తీసుకుని గేటు దగ్గర పాస్ అడగొద్దు. పార్కు టికెట్ ఎలాగూ వేరే.

కాలిఫోర్నియాలోని డిస్నీలాండ్‌కి ఈ బుకింగ్ లెక్కే అక్కర్లేదు. అక్కడ మల్టీ పాస్ స్లాట్లు పార్కులోకి వెళ్లాక అదే రోజు పెట్టుకోవాలి, ఎక్కడ దిగినా ఒకటే. హార్బర్ బులెవార్డ్ మీద ఉన్న మామూలు హోటళ్ల నుంచి గేటుకి నడిచే పోవచ్చు, డిస్నీ వాళ్ల హోటల్ కన్నా దగ్గరవి కూడా ఉన్నాయి. బయటే దిగండి. ఇక మన దగ్గర బెంగళూరు వండర్‌లాలో ఫాస్ట్‌ట్రాక్ టికెట్ ఎవరైనా కొనుక్కోవచ్చు, తిరుపతి నుంచి పొద్దున బయలుదేరి అదే రోజు తిరిగి రావడం పిల్లలకి కష్టం కాబట్టి అక్కడి రిసార్ట్‌లో ఒక రాత్రి ఉండటం సౌకర్యం కోసమే.

ఎవరికి ఏది అని అడిగితే: నలుగురే ఉన్న ఇల్లు, పిల్లలు ఏడేళ్ల పైబడినవాళ్లు, నాలుగు రోజులో అంతకన్నా ఎక్కువో పార్కులకి పోతారు, కారు తీసుకోవడం ఇష్టం లేదు, క్రిస్మస్ లాంటి రద్దీలో తప్ప సెలవు దొరకదు, అలాంటివాళ్లు డిస్నీ చవక హోటల్లోనే దిగండి. అవ్వాతాతలతో ఆరుగురు పైన ఉంటే బయటి ఇల్లు, మధ్యలో లోపల ఒక్క రాత్రి. పిల్లలు మరీ చిన్నవాళ్లయి పెద్ద రైడ్లేవీ ఎక్కకపోతే బయటే ఉండండి, మల్టీ పాస్ కూడా మేజిక్ కింగ్‌డమ్ ఒక్క రోజుకి కొంటే చాలు. ఆగస్టు చివర, సెప్టెంబర్‌లో వెళ్లగలిగితే జనం బాగా తగ్గుతారు, అప్పుడు లోపల దిగినందుకు వచ్చే లాభం కూడా తగ్గుతుంది.

బుకింగ్ వరుస కూడా చెబుతాను. వీసా చేతికొచ్చాకే డబ్బు తిరిగిరాని టికెట్లు కొనండి. డిస్నీ గదిని పార్కు టికెట్లతో కలిపి ప్యాకేజీగా కాకుండా గది ఒక్కటే విడిగా బుక్ చేస్తే వారం ముందు దాకా రద్దు చేసుకున్నా కట్టిన డబ్బు వెనక్కొస్తుంది, ప్యాకేజీకైతే నెల ముందే తేల్చుకోవాలి. కాబట్టి తేదీలు ఖాయం కాకపోయినా గది పట్టి ఉంచుకోవచ్చు. బయటి ఇళ్లకి రద్దు షరతులు ఒక్కో ఇంటికి ఒక్కోలా ఉంటాయి, డబ్బు కట్టే ముందు చదవండి. లైట్నింగ్ లేన్ పాస్ డబ్బు తిరిగి ఇవ్వరు, కాబట్టి జ్వరమొచ్చినా జలుబొచ్చినా మార్చుకునే వీలుండాలంటే నాలుగు రోజులకీ ఒకేసారి కొనకుండా తప్పనిసరి అనుకున్న రోజులకే కొనండి.